ఈ పుస్తకం మీ దేశంలో లేదు

మార్చి 4

చెల్లీ,

బాగున్నావా అని అడగను. అడిగే ఓపిక ఇవాళ నాకు లేదు. ఫోన్ చేస్తే నాలుగో మాటకే పెట్టేస్తావు కాబట్టి కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయడానికి వీల్లేదు, చివరిదాకా చదువు.

పొద్దున షెడ్డులో నా కుర్చీలో కూర్చుని నువ్విచ్చిన ట్యాబ్ తెరిచాను. పుస్తకం లేదు. నిన్న ఇరవైతొమ్మిదో అధ్యాయం దగ్గర ఆపాను, ఇంకా తొమ్మిది మిగిలి ఉన్నాయి. పుస్తకం ఉండాల్సిన చోట బూడిదరంగు అట్ట, దాని మీద ఒక వాక్యం: "మీ ఖాతా దేశం మారినందున ఈ పుస్తకం మీకు అందుబాటులో లేదు." ఖాతా నీది. నేను దేన్నీ ముట్టుకోలేదు. ముట్టుకోమన్నా నాకు చేతకాదు.

నా కుర్చీ సంగతి నువ్వు మర్చిపోయినట్టున్నావు, మళ్ళీ చెప్తాను. ఈ షెడ్డులో ఇరవైనాలుగు మంది ఆడవాళ్ళు మోకాళ్ళ మధ్య చెక్క బిగింపు పెట్టుకుని, రెండేసి సూదులతో తోలు బంతులు కుడతారు. నేనూ పదహారేళ్ళు కుట్టాను. బొటనవేలి నరం పోయాక దారం బిగించి లాగలేకపోయాను. పెన్ను పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది ఈ వేలు. అప్పుడు వాళ్ళే అన్నారు, "నువ్వు పుస్తకం చదివి వినిపించు, నీ బంతులు మేం కుడతాం" అని. రోజుకి నా వాటా మూడు బంతులు. ముగ్గురు తలా ఒకటి ఎక్కువ కుడతారు. ఎనిమిది రోజులకోసారి ఒక్కొక్కళ్ళ వంతు వస్తుంది. ఆరేళ్ళుగా ఇలాగే నడుస్తోంది.

మేస్త్రీకి ఇది మొదటినుంచీ కంటగింపే. "వచ్చే ఒకటో తారీఖు పాటల పెట్టె తెస్తున్నా. అది బంతులు కుట్టిపెట్టమని ఎవర్నీ అడగదు" అన్నాడు మొన్ననే. ఈ పుస్తకం మంచి పట్టులో ఉంది కాబట్టి ఎవరూ అతని మాట చెవిన పెట్టలేదు. అందులో నూలు మిల్లుని ఎవరు తగలబెట్టారో తెలియకుండా మా వాళ్ళకి అన్నం సహించడం లేదు. ఇప్పుడు పుస్తకం లేదంటే పెట్టె వస్తుంది. పెట్టె వస్తే కుర్చీ పోతుంది. నలభైతొమ్మిదేళ్ళకి ఈ వేలు పెట్టుకుని ఇంకెక్కడికి వెళ్ళను?

అచ్చుపుస్తకం ఇప్పుడు దొరకదు. దొరికినా ఆ సన్న అక్షరాలు నా కళ్ళకి ఆనవు. ఇవాళ్టికి తలనొప్పి అని చెప్పి కూర్చున్నాను. రేపు ఏం చెప్పను?

ఏం చేశావో రాయి.

నీ అక్క

---

మార్చి 9

అక్కా,

చదివాను, చివరిదాకా. నేను ఎలా ఉన్నానో అడిగే ఓపిక నీకు లేదని మొదటి వాక్యంలోనే తెలిసింది, మిగతాదంతా నీ పుస్తకం గురించి.

అవును, ఖాతా దేశం నేనే మార్చాను. పక్క దేశం కొట్లో పుస్తకాలు చౌక. సగం ధరకి వస్తుంటే ఎవరు వదులుకుంటారు? మార్చేముందు ఏదో హెచ్చరిక వచ్చింది, చదవకుండా సరే అని నొక్కాను. ఒక్కో దేశంలో ఒక్కో పుస్తకం అమ్ముకునే హక్కు ఒక్కొక్కరి దగ్గర ఉంటుందిట. ఆ దేశంలో హక్కు లేని పుస్తకాల్ని కొట్టువాడు వెనక్కి లాగేసుకుంటాడట. మనం కొన్నామనుకున్నది కొన్నట్టు కాదట. ఆర్నెల్లదాకా మళ్ళీ మార్చనివ్వరట. నాకేం తెలుసు?

నాకూ పనుంది. ల్యాబ్‌లో రోజుకి ఇరవై సెట్ల కట్టుడు పళ్ళకి రంగు కలుపుతాను. ఒక్క చాయ తేడా వస్తే మా పళ్ళాయన అన్నీ వెనక్కి పంపేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, బాల్కనీలో ఎర్రపూల కుండీలకి నీళ్ళు పోసేసరికి నడుం పట్టేస్తుంది. నీ షెడ్డుకి పుస్తకాల కొట్టు నడపడం నా ఉద్యోగం కాదు.

చూస్తాను. మాటివ్వను.

చెల్లి

---

మార్చి 13

చెల్లీ,

సగం ధర. ఆ మాట నాలుగు రోజులుగా పంటికింద రాయిలా ఉంది. నీకు ఎక్కడో చౌకగా వస్తుందని ఇక్కడ నా కుర్చీ కాళ్ళు విరగ్గొట్టావన్నమాట. హెచ్చరిక చదవలేదట. కట్టుడు పళ్ళలో ఒక్క చాయ తేడా కనిపెట్టే కళ్ళకి ఆ రెండు లైన్లు కనపడలేదా?

ఇక్కడి కొట్లో నేనూ వెతికించాను. మా పక్కింటి కంపౌండరు తన ఫోన్లో చూశాడు. మూడు అధ్యాయాలు నమూనాగా ఊరికే ఇస్తారు, ఆపైన కొనే మీటే లేదు. "ఈ పుస్తకం మీ దేశంలో లేదు" అని రాశారు. ఇరవైతొమ్మిది అధ్యాయాలు నా నోటితో చదివాను, నా దేశంలో లేదంట.

ఇంకోటి చెప్తాను, ఎవరితోనూ అనకు. పుస్తకం పోయిన మర్నాడు వంతు వాళ్ళు ముగ్గురూ అప్పటికే నా బంతులు మొదలుపెట్టేశారు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. ట్యాబ్ తెరిచాను. ఆ బూడిదరంగు అట్ట ఒక నిమిషం కనపడి ఆరిపోయింది. నల్లటి అద్దం మీద వేలితో పేజీలు తిప్పుతూ సొంతంగా చెప్పడం మొదలుపెట్టాను. ముప్పయ్యో అధ్యాయం, ముప్పయ్యొకటి, ఇవాళ ముప్పైమూడు. మిల్లు కాపలావాడి కుడిచెయ్యి కాలిందని చెప్పాను. ఎందుకు కాలిందో నాకే తెలియదు. షెడ్డంతా దాని మీద రెండు వర్గాలైపోయింది. దారానికి మైనం రుద్దే పెద్దమ్మ ఒక్కతే తల ఎత్తకుండా కూర్చుంటుంది. ఎవరైనా లేచొచ్చి నా భుజం మీంచి చూస్తారేమోనని ప్రాణం పిడికిట్లో పెట్టుకుని చెప్తున్నాను.

ముగ్గురు ఆడవాళ్ళ వేళ్ళు నొప్పెట్టేలా పని చేయించుకుని వాళ్ళకి అబద్ధం అమ్ముతున్నాను. ఈ పని నాచేత చేయిస్తున్నది నువ్వు. ఒకటో తారీఖులోగా ఆ పుస్తకం నాకు కావాలి. ఎలాగన్నది నీ తలనొప్పి.

అక్క

---

మార్చి 18

అక్కా,

తలనొప్పి నాదేలే. ఇదిగో, నీ పుస్తకం కోసం దేశాలన్నీ తిరిగొచ్చాను.

మొన్న భోజనాల దగ్గర నలుగురు ఉన్నారు, నలుగురివీ నాలుగు దేశాలు. తలా ఒక ఫోన్ తీసి, ఎవరి దేశం కొట్లో వాళ్ళు చూశారు. వాళ్ళలో ఒక పొట్టిదాని దేశంలో దాన్ని రెండు భాగాలుగా కోసి అమ్ముతున్నారు. మొదటిది ఉంది, రెండోది "త్వరలో" అట. రెండేళ్ళుగా త్వరలోనే. ఇంకొకావిడ దేశంలో మొత్తం పుస్తకం ఉంది, ధర కూడా అన్నిటికంటే తక్కువ, కానీ కొట్టు ఆ దేశం చిరునామా అడిగింది. వాళ్ళమ్మ చిరునామా ఇచ్చాం. చిరునామా సరే, కార్డు మా దేశానిది కాదే అంది. ఈవిడ ఇక్కడికొచ్చి పాత కార్డు రద్దు చేసుకుంది మరి. మూడో అమ్మాయి దేశంలో కానుకగా పంపే వీలుంది, చీటీ కొంటే ఒక కోడ్ వస్తుంది. కొనబోయేముందు అడుగున చీమతలకాయంత అక్షరాలు చదివాను, ఈసారి చదివాను, కోప్పడకు. ఆ కోడ్ ఆ దేశంలోనే చెల్లుతుందట. నాలుగో ఆవిడ దేశంలో ఆ పుస్తకం పేరే ఎవరూ వినలేదు. మన ఖాతా ముందున్న కొట్లో నిక్షేపంలా ఉంది, నా కార్డే అక్కడ చెల్లడం లేదు.

ఒకే పుస్తకం, అవే అక్షరాలు. తూకం వేసి పంపేది కాదు, ఓడెక్కించేది కాదు. దానికి ఇన్ని సరిహద్దులేమిటో నాకు అర్థం కాలేదు. మనుషులకే నయం, కాగితాలు చూపిస్తే ఒక గేటులోంచన్నా వదులుతారు.

చివరికి నా కొత్త ఖాతా కొట్లోనే అదే పేరుతో ఇంకో ప్రతి కనపడింది, అట్ట వేరు. కొన్నాను. నీ ట్యాబ్‌లోకి వచ్చేసి ఉంటుంది. ఇక నన్ను వదులు.

చెల్లి

---

మార్చి 21

చెల్లీ,

వచ్చింది. తెరిచాను. రంగు బొమ్మలున్నాయి.

పిల్లల కోసం కుదించిందట అది. నాలుగొందల పేజీల మిల్లు ముప్పై పేజీల్లో కాలిపోయింది. చివరి పేజీలో ఏం రాశారో చెప్పనా? "మిల్లు కాలిపోయినందుకు అందరూ ఎంతో బాధపడ్డారు." ఎవరు తగలబెట్టారన్న ఊసే లేదు. పిల్లలకి అనవసరం కాబోలు. ఇంట్లో తెరిచాను కాబట్టి బతికిపోయాను. కొనేముందు ఎన్ని పేజీలో చూడాలని కూడా తోచలేదా నీకు?

ఎందుకు తోస్తుంది? నీ ఇంట్లో విందులు నడుస్తున్నాయిగా. నాలుగు దేశాల స్నేహితురాళ్ళు, నలుగురి చేతుల్లో ఫోన్లు, మధ్యలో వెర్రిబాగుల అక్క గురించి కబుర్లు. అందరూ నవ్వుకుని ఉంటారు. బంతులు కుట్టే షెడ్డులో పుస్తకం చదువుతుందట, ఆ పుస్తకం పోయిందట అని. నా బతుకు మీ భోజనాల దగ్గర కాలక్షేపం అయింది.

నువ్వు వెళ్ళేరోజున అన్నాను, ఆర్నెల్లు కూడా ఉండలేవు, తిరిగొచ్చేస్తావని. రెండేళ్ళయింది. ఉండగలిగావు, ఒప్పుకుంటున్నాను. కానీ ఉండేకొద్దీ నీకు మేమంటే లెక్కలేకుండా పోయింది. అంతకంటే ఆర్నెల్లకి వచ్చేసి ఉంటేనే బాగుండేది.

నిన్న వంతు వాళ్ళలో ఒకామెకి వేలు కోసుకుపోయింది. గుడ్డ చుట్టుకుని నా బంతి కుట్టింది. నేను నల్లటి అద్దంలోకి చూస్తూ కాపలావాడికి ఒక కూతుర్ని పుట్టించాను. ఇంకా పది రోజులుంది.

అక్క

---

మార్చి 26

అక్కా,

నీ పుస్తకం, అసలుది, ముప్పై ఎనిమిది అధ్యాయాలదీ, ఇదిగో. పక్క మంచం అమ్మాయి సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళింది. వాళ్ళమ్మ కార్డుతో, వాళ్ళ కొట్లో కొంది. తన ఖాతా సంకేతపదం కింద రాస్తున్నాను, ట్యాబ్‌లో నా పేరు తీసేసి తన పేరు పెట్టుకో. పేజీలు నేనే లెక్కపెట్టమన్నాను. నాలుగొందల పన్నెండు.

ఆ అమ్మాయి నీ గురించి విని నవ్వలేదు. ఏ ఊళ్ళో అయినా ఇలా ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు ఆమె పని చేసిపెడతారా అని రెండుసార్లు అడిగింది.

ఆర్నెల్లకి వచ్చేసి ఉంటే బాగుండేదన్నావు. ఆ వాక్యం కూడా చివరిదాకా చదివాను. ఇక నాకు రాయకు.

---

ఏప్రిల్ 2

చెల్లీ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఇంతకుముందు కోపమొచ్చి రాశాను. ఇప్పుడు అంతకంటే ఎక్కువ కోపంగా ఉంది, ఎవరిమీదో చివర్లో చెప్తాను.

మొన్న అసలు పుస్తకం తెరిచాను. అప్పటికి నేను సొంతంగా ముప్పై ఆరు దాకా లాక్కొచ్చాను, మిగిలిన రెండూ అందులోవి చదివి కలిపేద్దామనుకున్నాను. మొదటి పేజీ సగం కూడా కాలేదు, మైనం పెద్దమ్మ అడిగింది.

"పుస్తకం దొరికినట్టుందే."

"ఎక్కడికి పోయింది గనక?" అన్నాను.

"ముఖం మీద వెలుగు పడుతోంది ఇవాళ. మూడు వారాల్నుంచీ లేదుగా. ఆ మూల చీకట్లో కూర్చుంటావు, ట్యాబ్ వెలిగితే గడ్డందాకా కనపడతావు. మొదటిరోజే చూశాం."

అందరూ చూశారట. ఇరవైనాలుగు మందీ. నేను షెడ్డు మధ్యలో ఉన్నట్టుండి బట్టలూడిపోయినదానిలా నిలబడ్డాను. తెలిసీ ఎందుకు కుట్టారు, ఎందుకు నోరు మూసుకున్నారు అని అరిచాను. వేలికి గుడ్డ చుట్టుకున్నామె తల ఎత్తకుండా అంది, "చెప్తే ఆపేస్తావుగా. కాపలావాడి చెయ్యి ఎందుకు కాలిందో మాకు తెలియొద్దా?"

అసలు పుస్తకం చివర చదివాను. మిల్లుని ఎవరూ తగలబెట్టలేదు. దీపం దానంతటదే పడిందట. షెడ్డంతా మండిపడింది. "ఇన్ని రోజులు కుట్టింది దీపం పడ్డానికా?" అన్నారు. ఆ రచయిత ఎదురుగా ఉంటే సూదులతో పొడిచేసేవాళ్ళు.

నిన్న ఒకటో తారీఖు. మేస్త్రీ పాటల పెట్టె తెచ్చి అరమీద పెట్టాడు. "పుస్తకం అయిపోయిందిగా, ఇంక ఈవిడ మూడు బంతులు ఎవరు కుడతారు?" అన్నాడు. వంతు వాళ్ళు ముగ్గురూ పని ఆపకుండానే సూది ఉన్న చెయ్యి పైకెత్తారు. అతను పెట్టెని అరమీదే వదిలేసి వెళ్ళిపోయాడు. పెట్టె మీద ఇప్పుడు మైనం ముద్దలు పెట్టుకుంటున్నారు. కుర్చీ నిలబడింది.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలు మళ్ళీ తీశాను. ఈ మూడే కాదు, పోయిన ఏడాదివి కూడా. నీ బాల్కనీలో ఎర్రపూలు పన్నెండు నెలలూ పూస్తూనే ఉన్నాయి. పళ్ళాయన ప్రతి ఉత్తరంలోనూ ఒకటే మాట అంటున్నాడు. నువ్వున్న దేశం కొట్లో నీ కార్డు చెల్లదట, ఎలా చెల్లదు? నాలుగు దేశాల ఆడవాళ్ళు ఒకే పూట నీతో భోజనానికి ఎందుకు కూర్చున్నారు? ఒక్కదానివే ఉండే ఇంట్లో పక్క మంచం ఎక్కడిది?

మా వాళ్ళు చేతుల్లో రెండు సూదులు పెట్టుకుని, తోలు మీదనుంచి చూపు తిప్పకుండా, నా ముఖం మీద వెలుగు లేదని మొదటిరోజే కనిపెట్టారు. నేను ఖాళీగా కూర్చుని, అక్షరాలు వేలెడంత చేసుకుని నీ ఉత్తరాలు చదివాను. నాకు కనపడలేదు. నువ్వు ఏ దేశంలో ఉన్నావో పుస్తకాల కొట్టుకి తెలిసింది, నాకు తెలియలేదు. ఆరేళ్ళుగా చదివేదాన్నని కుర్చీ ఎక్కి కూర్చున్నాను. ఆ కోపం ఎవరిమీదో ఇక చెప్పక్కర్లేదనుకుంటా.

ఎక్కడున్నావు?

అక్క

---

ఏప్రిల్ 8

అక్కా,

ల్యాబ్ మూతపడి ఆర్నెల్లయింది. పళ్ళు అచ్చు తీసే యంత్రం కొన్నాడు మా పళ్ళాయన, రంగు కూడా అదే కలుపుకుంటుంది. తరవాత ఆ వ్యాపారమే అమ్మేశాడు. నేను పక్క దేశానికి వచ్చాను. పళ్ళ ఆసుపత్రిలో పనిముట్లు కడుగుతాను. మరిగే నీళ్ళు, రబ్బరు తొడుగులు, ఒకే సైజు ట్రేలు. తొడుగుల్లో చేతులు నానిపోయి తెల్లగా అయిపోతాయి. ఎనిమిది గంటలు ఎవరి ముఖమూ కనపడదు. గదిలో ఐదు మంచాలు, ఒక కిటికీ, గోడకి ఎవరి మేకు వాళ్ళది. బాల్కనీ పాత ఇంట్లో ఉండేది. కుండీలు అక్కడే వదిలేశాను.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. ఆర్నెల్లు ఉండలేవన్నావు చూడు, బస్సు దగ్గర, అందరి ముందూ. ఆ మాట నిజం కాకూడదని. ఉద్యోగం పోయిందని రాస్తే నువ్వు ముందు అనేది అదే. అనవని నువ్విప్పుడు చెప్పినా నేను నమ్మను. కోపం నాకూ ఉంది, పోలేదు.

సగం ధర అన్నది కూడా అబద్ధమే. చౌక కోసం ఎవరూ దేశం మార్చరు అక్కా. మిల్లు పుస్తకం అయిపోవచ్చింది కదా, నీకు తరవాతది కొందామని వెళ్ళాను. పాత కార్డు రద్దయిందంది కొట్టు. కొత్తది ఇస్తే, దేశం కూడా మార్చు అంది. ఆ హెచ్చరిక చదివాను. ఏవో కొన్ని పోవచ్చని ఉంది, ఏవో చెప్పలేదు. నీది పోదులే అనుకున్నాను. చదవలేదని తిట్లు తినడం తేలికనిపించింది.

నీ కాపలావాడి చెయ్యి ఎందుకు కాలింది? పక్క మంచం అమ్మాయి కూడా అడుగుతోంది.

చెల్లి

---

ఏప్రిల్ 12

చెల్లీ,

బస్సు దగ్గర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే తీసుకున్నాను. నిన్న షెడ్డులో నీ ఉత్తరం చదివాను, నిన్ను అడక్కుండా. కోప్పడతావని తెలుసు, పడు. పుస్తకం లేదు, కుట్టడానికి వంతు వాళ్ళు సిద్ధంగా ఉన్నారు, నా దగ్గరున్న నిజం అదొక్కటే.

మరిగే నీళ్ళ మాట దగ్గర కొందరు తమ వేళ్ళు చూసుకున్నారు. మేకుల దగ్గర ఒకామె ముక్కు తుడుచుకుంది. బస్సు దగ్గరి మాటకి మైనం పెద్దమ్మ మొదటిసారి తల ఎత్తి నావైపు చూసింది. ఆ చూపు ఇంకా ఒంటిమీదే ఉంది. మూడు బంతులూ మధ్యాహ్నానికల్లా అయిపోయాయి.

కాపలావాడు మంటల్లోకి వెళ్ళింది కూతురి కోసం. అది మిల్లులో ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆ అమ్మాయికి చెప్పు.

ఇంకో సంగతి. ఐదు మంచాలు, ఒక కిటికీ అని రాసి ఊరుకున్నావు. కిటికీ పక్క మంచం ఎవరిదో రాయలేదు. ఇరవైనాలుగు మందీ అడుగుతున్నారు. ఇవాళ కూడా వంతు వాళ్ళు ముందే మొదలుపెట్టేశారు, తొందరగా రాయి.

అక్క